మోకాలు నొప్పంటే తుంటిని కూడా చూడండి

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలో ఆదివారం సాయంత్రం ఇంతమంది కుర్రకారు ఎముకల డాక్టరు మాట వినడానికి వచ్చారు. తరవాత భోజనాలున్న సంగతి నాకూ తెలుసు, కాబట్టి అట్టే నసపెట్టను.

తుంటి విరగడమంటే మనకు స్నానాల గదిలో జారిపడ్డ బామ్మ గుర్తొస్తుంది. ఆమె ఎముక గుల్లబారి ఉంటుంది, చిన్న దెబ్బ చాలు. మీ వయసులో విరగాలంటే హోసూరు రోడ్డు మీద బైకు వేగంగా వెళ్ళి దేన్నయినా గుద్దాలి. అంతటి దెబ్బ ఒక్కచోట ఆగదు. తలకు గాయమవుతుంది, మోకాలు చీరుకుపోతుంది. నెత్తురు కారే చోటికే అందరి చూపూ పోతుంది, తుంటి మరుగున పడుతుంది. తొడ ఎముక నడిమికి విరిగినప్పుడు దాని మెడ దగ్గర, అంటే తుంటి కీలుకు ఆనుకుని సన్నబడే చోట, సన్నని పగులు కూడా ఉండి, మొదటి ఎక్స్‌రేలో దొరక్కపోవడం మా వృత్తిలో పాత తలనొప్పే.

కారు ముందు సీటు సంగతి చూడండి. గుద్దుకోగానే మోకాలు డాష్‌బోర్డుకు కొట్టుకుంటుంది. ఆ తాకిడి తొడ ఎముక వెంబడి పైకి పోయి, గిన్నెలో బంతిలా కూర్చున్న ఎముక తలను వెనక్కి తోసేస్తుంది. తిరుపతి ప్రయాణంలో డాష్‌బోర్డు మీద కాళ్ళు చాపుకునే మహానుభావులకైతే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నా ముప్పే. కీలు అలా వెనక్కి తప్పితే కాలు పొట్టిగా కనిపిస్తుంది. తుంటి దగ్గర కాస్త ముడుచుకుని, మోకాలు రెండో కాలి మీదికి వాలి, పాదం లోపలికి తిరిగి ఉంటుంది. కదిలించబోతే మనిషి కేక పెడతాడు. తప్పిన తుంటి కీళ్ళలో చాలా వరకు ఈ రకమే. ఎముక మెడ విరిగి పక్కకు జరిగితే మాత్రం కాలు పొట్టిగానే ఉన్నా పాదం బయటికి పడిపోతుంది.

అయితే పగిలిన ఎముక పక్కకు జరగకుండా ఉంటే ఈ వాలకమేదీ కనిపించదు. మనిషి కుంటుతూ నడుస్తాడు కూడా. ‘నడిచాడుగా, ఏమీ కాలేదులే’ అని ఇంటికి తీసుకుపోతారు. పైగా తుంటికి పోయే నరమే మోకాలికీ పోతుంది కాబట్టి కొందరు మోకాలు పట్టుకుని బాధపడతారు. గజ్జల్లో నొప్పి ఉన్నా, పడుకుని కాలు నిటారుగా ఎత్తలేకపోయినా, ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి. సీటీ గానీ ఎమ్మారై గానీ అవసరమా అని అడగండి.

ఎముక తలకు రక్తం తెచ్చే నాళాలు మెడను అంటిపెట్టుకుని పోతాయి. అవి తెగినా నలిగినా తల చచ్చుబడి, నెలల తరవాత కుంగిపోవచ్చు. అందుకే తప్పిన కీలును 6 గంటల లోపు, మత్తిచ్చి, స్థానంలో కూర్చోబెట్టాలని తొందరపడతాం. విరిగిన ఎముకలకు నాటు వైద్యం చేసే పుత్తూరు కట్టు బోర్డులు ఈ ఊళ్ళోనూ ఉన్నాయి. చేయి విరిగితే ఎక్కడికి వెళ్ళాలన్న వాదన మరోసారి పెట్టుకుందాం, తుంటి విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. నూనె రాసి లాగించే లోపు ఆ గంటలు కాస్తా గడిచిపోతాయి. వెనకనున్న పెద్ద నరం నలిగితే పాదం పైకి లేవదు.

ప్రమాదం చూస్తే 108కు ఫోను చేయండి. సాయం చేసినవారికి రక్షణగా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు, జంకనక్కర్లేదు. కాలిని సరిచేయకండి, ఉన్న తీరులోనే దిండో దుప్పటో ఆనించండి. నీరసమని కాఫీ పట్టించకండి, మత్తివ్వాల్సి రావచ్చు. దెబ్బ తగిలిన వేళ గుర్తు పెట్టుకుని ఆస్పత్రిలో చెప్పండి. మేము మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి.