ఎడమ వైపు నుంచి తీసిన ఫొటో

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే గాని, నాకిచ్చిన సమయం అందులోనే కరిగిపోతుంది. మన్నించండి.

మీ ఆహ్వానపత్రం మీద గాల్లోకి ఎగిరిన ఓర్కా, అదే కిల్లర్ వేల్, బొమ్మ వేశారు. అందంగా ఉంది. కానీ అది ఏ ఓర్కానో ఎవరైనా చెప్పగలరా? పొట్ట మాత్రమే కనిపిస్తోంది. నేను పంపిన ఫొటోల్లో బూడిదరంగు నీళ్లు, నల్లటి వీపు, దాని మీద ఒక రెక్క ఉన్నాయి. ‘అన్నీ ఒకేలా ఉన్నాయండీ’ అని పక్కన పెట్టేశారు. ఒకేలా లేవని చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ఆ మాట ఎంత ప్రమాదకరమో చూడండి. సాల్మన్ చేపలను తినేస్తున్నాయన్న కోపంతో 1961లో కెనడాలోని సీమోర్ నారోస్ జలసంధి దగ్గర మత్స్యశాఖ ఏకంగా మెషిన్‌గన్ బిగించింది. పేల్చలేదు లెండి. తర్వాత అక్వేరియంల కోసం వలలు దిగాయి. 1970లో అమెరికాలోని పెన్ కోవ్‌లో పట్టిన పిల్లల్లో ఒకటైన టొకిటే, 2023లో చనిపోయేదాకా మయామీలోని కొలనులోనే ఉండిపోయింది. సముద్రం నిండా ఉన్నాయి కదా, నాలుగు పోతే ఏమవుతుంది అన్నదే అందరి ధీమా.

నిజంగా ఎన్ని ఉన్నాయో చూద్దామని బయల్దేరినవారు కెనడా శాస్త్రవేత్త మైకేల్ బిగ్. రెక్క అంచున ఉండే గంట్లు, రెక్క వెనక గుర్రపు జీనులా కనిపించే బూడిదరంగు మచ్చ, దాని మీది గీతలు ఒకదానివి మరొకదానికి ఉండవని 1970లలో ఆయన బృందం ఫొటోల్లో గుర్తించింది. 1976లో అమెరికా పరిశోధకుడు కెన్ బాల్కాంబ్ అదే పద్ధతిలో, అమెరికా–కెనడా సరిహద్దు నీళ్లలో తిరిగే జె, కె, ఎల్ అనే మూడు ఓర్కా గుంపులను లెక్కపెట్టారు. మూడూ కలిపి సుమారు 70! అప్పటికే వలల్లో ఎన్ని పోయాయో తలుచుకోండి.

కెమెరా ఉన్నవాళ్లు ఇది వినండి. పరిశోధన పడవ ఓర్కాకు ఎదురు వెళ్లదు, దారికి అడ్డం రాదు. పక్కన కాస్త దూరంలో, అదే వేగంతో నడుస్తుంది. అది నాలుగైదుసార్లు ఊపిరి తీసుకుని లోతుకు వెళ్లిపోతుంది. ఆ కొద్ది క్షణాల్లోనే ఎడమ పక్క నుంచి రెక్క, మచ్చ రెండూ స్పష్టంగా పడాలి. ఎడమే ఎందుకంటారా? రెండు పక్కల మచ్చలూ ఒకేలా ఉండవు. అందరూ ఒకే పక్క తీస్తేనే పాత ఫొటోతో కొత్తది పోల్చగలం. ఇంకో సంగతి, అందమైనదాన్నే తీసి మిగతావాటిని వదిలేయకూడదు. గుంపులో ప్రతి ఒక్కదాన్నీ తీయాలి. ఈ ఓర్కాల పిల్లలు పెద్దయినా తల్లిని విడిచిపోవు. తల్లి పక్కన ఒకటి పదేపదే కనిపించకపోతే అది చనిపోయినట్టే. శవం దొరకడం చాలా అరుదు. చావు కబురు చెప్పేది ఫొటోలోని ఆ ఖాళీయే. 2018లో చనిపోయిన బిడ్డను 17 రోజులు మోసిన తల్లి ఫలానా జె గుంపులోని జె35 అని చెప్పగలిగారంటే, అంతకుముందు ఏళ్ల తరబడి ఎవరో ఈ ‘ఒకేలా ఉన్న’ ఫొటోలు తీసి దాచారు కాబట్టే.

నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మీలో ఎవరైనా ఆ గుంపులు తిరిగే చోటికి వెళ్తే పడవవాడిని ‘ఇంకా దగ్గరికి పోనివ్వు’ అని తొందరపెట్టకండి. ఈ గుంపులకు 1000 గజాల దూరంలో ఉండాలని వాషింగ్టన్ రాష్ట్రంలో 2025 నుంచి చట్టం. దగ్గరికి వెళ్లేందుకు పరిశోధకులకు ప్రత్యేక అనుమతి ఉంటుంది, మనకు ఉండదు. సాన్ హువాన్ దీవిలోని లైమ్ కిల్న్ పార్కులో ఒడ్డునే నిలబడండి. అదృష్టం బాగుంటే అక్కడికే వస్తాయి. ఎగరలేదని విసుక్కుని ఫొటోలు చెరిపేయకండి. తేదీ, వేళ, చోటు రాసి అక్కడి పరిశోధకులకు పంపండి.