సుగ్గికి పోతే మాత్రలు ఆగాలా?

వేదిక మీది పెద్దలకు, ఆశా అక్కలకు, పిల్లలకు నమస్కారం. 'క్షయపై నా పరిశోధన' అని కార్డులో వేశారు. కానీండి, అక్కడి నుంచే మొదలుపెడతా.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ఈ క్రిమి సంగతి లోకానికి చెప్పాడు. అందుకే కర్నూలులో ఈ రోజు ఈ సభ. చరిత్ర ఇంతటితో చాలు.

ల్యాబ్‌లో మేం రెండు సీసాలు పక్కపక్కన పెడతాం. రెండింట్లోనూ గుడ్డుసొన కలిపిన పచ్చటి మీడియమే, అంటే క్రిమికి మేత. ఒకదాంట్లో మాత్రం రిఫాంపిసిన్ అనే టీబీ మందు కలుపుతాం. ఈ క్రిమి పెరగడానికి వారాలు పడుతుంది. మందు లేని సీసాలో గరుకుగా, లేత పసుపుగా పొక్కులు లేస్తాయి, అది మామూలే. మందు కలిపిన సీసాలోనూ లేచాయా, క్రిమి ఆ మందుకు లొంగని మొండిదన్నమాట, ఆ పూట మాకు అన్నం సయించదు. ఇప్పుడు జీన్‌ఎక్స్‌పర్ట్ అనే పరీక్ష యంత్రం ఆ కబురు రెండు గంటల్లోనే చెప్తోంది.

మందే క్రిమిని మొండిగా మారుస్తుందని అనుకుంటారు. కాదు. ఊపిరితిత్తిలో గుల్ల పడితే అందులో కోట్ల క్రిములుంటాయి. ఐసోనియాజిడ్ అనే టీబీ మందుకు లొంగనిది పది లక్షల్లో ఒకటి ముందే ఉంటుంది. ఆ ఒక్క మందే ఇస్తే మిగతావి చచ్చి, అది వంశం పెంచుకుంటుంది. 1947లో బ్రిటన్‌వాళ్లు స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూసినప్పుడు ఇదే జరిగింది. అందుకే మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఆపైన నాలుగు నెలలు మూడు.

ఆ నాలుగు నెలల దగ్గరే నా గొడవ. రెండో నెలకు దగ్గు తగ్గుతుంది, మనిషి కాస్త ఒళ్లు చేస్తాడు. ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరప కోతకు, సుగ్గికి, అంటే పంట పనుల వలసకు పోతారు. రిజిస్టర్‌లో 'మందులు మానేశాడు' అని రాస్తాం. మానేశాడా? చేలో గుడిసె వేసుకున్నోడు కూలి పోగొట్టుకుని ఆస్పత్రి ఎక్కడుందో వెతుక్కోవాలా? ఊర్లోనే పని దొరికితే పిల్లల బడి మాన్పించి ఎవరు పోతారండీ? ఇది మైక్రోబయాలజీ కాదంటారు. ఆ సీసాలో లేచే పొక్కుకు మూలం ఇక్కడ కూడా ఉంది కదా! పైగా మొండి క్రిమి అంటుకునేది మాత్రలు ఎగ్గొట్టినోడికే కాదు, పక్కన పడుకున్న బిడ్డకూ అంటుతుంది.

దగ్గుకు మెడికల్ షాపులో లెవోఫ్లాక్సాసిన్ అడిగి మింగేవాళ్ల సంగతి ఎత్తితే సాయంత్రమవుతుంది. అది టీబీ మీదా పనిచేసే మందే. దగ్గు కొన్నాళ్లు అణిగి రోగం దొరక్కుండా పోతుంది. సరే, వదిలేస్తా.

ఆదోని, కోసిగి, కౌతాళం పిల్లలు చేతులెత్తండి. ఇంతమందా! మీ వీధిలో టీబీ మాత్రలు వేసుకునేవాళ్లు సుగ్గికి బయల్దేరే ముందే, పోయే ఊరి పేరు ఆశమ్మకు చెప్పమనండి. టీబీ రోగి పేరు నమోదు చేసి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ నంబరుతో చికిత్సను అక్కడికి బదిలీ చేయొచ్చు, మాత్రలు అక్కడా ఉచితమే. ఇప్పటికే పోయినోళ్లుంటే, సభ అవ్వగానే వాళ్లకు ఫోన్ కలపండి. బయట బల్ల దగ్గర ఆశా అక్కలు మాట్లాడతారు. టిఫిన్లు ఆ తర్వాతే.