ఎదుటోళ్లు మధ్యల పాడితే మనమేం పాడాలె?

యాంకర్: నమస్తే. ఇయ్యాల ఫోన్-ఇన్‌ల బ్రిడ్జ్ ముచ్చట, ఇద్దరిద్దరు జోడీలుగ ఆడే పేకాట. ఎన్ని ట్రిక్కులు, అంటే ఎన్ని పట్లు తీస్తరో ముందే చెప్పుడే పాట. మన పార్ట్‌నర్ పాట మొదలుపెట్టంగనే పక్కాయన ఓవర్‌కాల్ చేస్తే, అంటే దానిమీద తన పాట పాడితే, మన జవాబేంది? హన్మకొండల బ్రిడ్జ్ నేర్పే సార్ మనతోని ఉన్నరు. హలో, ఎక్కడినుంచమ్మా?

కాలర్: కాజీపేట. నమస్తే సార్. నేను, మా ఆయన ఒక జోడీ. మొన్న ఆయన వన్ డైమండ్ అన్నడు, పక్కామె వన్ స్పేడ్ అన్నది. నాకు పెద్ద ముక్కల లెక్కన ఎనిమిది పాయింట్లు, హార్ట్స్ నాలుగు, స్పేడ్స్ రెండూ చిన్నయే. డబుల్ అన్న. ఈయన పాస్ అని కూసున్నడు! వాళ్లు ఏడు ట్రిక్కులు తీసుకున్నరు.

సార్: వన్ స్పేడ్ అంటే స్పేడ్స్ తురుపుగ ఏడు ట్రిక్కులు తీస్తమని. తీసిన్రు, డబుల్ మీద లెక్క పెరిగింది గనుక 80 రావాల్సిన కాడ 160 రాసుకున్నరన్నట్టు. మీ డబుల్ సరైందేనమ్మా. టూ హార్ట్స్ అనాలంటే ఐదు హార్ట్స్, పది పాయింట్లన్న కావాలె. మీకు రెండూ లేవు. పాస్ అంటే ఆ నాలుగు హార్ట్స్ సంగతి ఆయనకెట్ల తెలుస్తది? అందుకే నెగెటివ్ డబుల్, అంటే ఇంకా ఎవరూ పాడని రంగు నా కాడ ఉందని పార్ట్‌నర్‌కు చెప్పే డబుల్. 1957ల అమెరికా ఆటగాడు ఆల్విన్ రాత్ తెచ్చిండు. అదే ఏడు సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది గనుక మొదట్ల దాన్ని స్పుత్నిక్ డబుల్ అనేటోళ్లు. అంతకుముందు ఈ డబుల్ శిక్ష కోసమే, ఎదుటోళ్లు ఓడుతరని లెక్క పెంచుడు. కానీ వన్ స్పేడ్‌ను శిక్షించే చెయ్యి ఎప్పుడో గాని రాదు, నోరు విప్పే దారి లేని చెయ్యి రోజూ వస్తది.

కాలర్: ఈయనకు ఇప్పటికీ డబుల్ అంటే శిక్షే సార్. ఈడనే కూసొని వింటున్నడు.

సార్: విననియ్యండి. అన్నా, ఆమె డబుల్ అంటే "నాకు హార్ట్స్ నాలుగున్నయి" అని. మీకూ నాలుగుంటే టూ హార్ట్స్ అనండి. పాస్ అనాలంటే మీ చేతిలనే స్పేడ్స్ పొడుగ్గ, గట్టిగ ఉండాలె. ఎదుటోళ్ల పాట ఎంత ఎత్తు దాకా డబుల్ నెగెటివో ఆటకు ముందే ఒప్పుకోండి, టూ స్పేడ్స్ దాకా పెట్టుకుంటే చాలు. ఆ ఎత్తుల పొరపాటుపడితే మాత్రం నష్టం పెద్దది. టూ స్పేడ్స్ డబుల్ నెగ్గితే గేమ్ కింద లెక్క, అంటే పెద్ద బోనస్ వస్తది. వల్నరబుల్, అంటే బోనస్, జరిమానా పెరిగే వంతు, కాకున్నా 470.

కాలర్: మరి పక్కామె వన్ హార్ట్ అంటే?

సార్: అప్పుడు వన్ స్పేడ్ అంటే ఐదు స్పేడ్స్, డబుల్ అంటే సరిగ్గ నాలుగు. ఓవర్‌కాల్ లేకుంటే ఈ తేడా చెప్పే వీలే లేదు. మనకు వాళ్లే ఇంకో మాట చేతికిచ్చిన్రు.

యాంకర్: నాకైతే రమ్మీ తప్ప ఏం తెల్వది. తర్వాత గోదావరిఖని నుంచి.

కాలర్: సింగరేణిల చేసి రిటైరైన సార్. పార్ట్‌నర్ వన్ హార్ట్, పక్కాయన టూ క్లబ్స్. నా చేతిల క్లబ్స్ కింగ్, జాక్, పది, తొమ్మిది, ఇంకో చిన్నది. బయట స్పేడ్ ఏస్, డైమండ్ క్వీన్. హార్ట్ ఒక్కటే. ఆయన్ను వదలబుద్ధి కాలే. కానీ డబుల్ నెగెటివాయె.

సార్: పాస్ అనండి.

కాలర్: పాసా? పది పాయింట్లు పెట్టుకొనా?

సార్: అవును. ముఖం మాత్రం మారనియ్యొద్దు, ఆలోచించినట్టు ఆగొద్దు. ఎనకాయన కూడా పాస్ అంటే పాట మీ పార్ట్‌నర్ కాడికొస్తది. ఆయనకు క్లబ్స్ ఒకటో రెండో ఉంటే, మీ పాస్ ఎనక ఇసొంటి చెయ్యి ఉండొచ్చని అనుమానించి డబుల్ అనాలె. అది మిమ్మల్ని పాడమని అడుగుడే, మీరు దానికీ పాస్ అంటరు. అప్పుడది శిక్షయితది.

కాలర్: ఆయన డబుల్ అనకుంటే?

సార్: ఆ జోడీకి ఈ పాస్ ఇంకా పనికిరాదన్నట్టు. క్లబ్స్ తక్కువున్నోడు పాట అట్ల ఆగనియ్యొద్దు. ముందు ఆయనకు అది నేర్పండి.

యాంకర్: కరీంనగర్ తమ్ముడు, టైం అయిపోవట్టె, జల్దీ చెప్పు.

కాలర్: వన్ హార్ట్, వన్ స్పేడ్. నాకు హార్ట్స్ మూడు, పదకొండు పాయింట్లు. త్రీ హార్ట్స్ అనొచ్చా సార్?

సార్: ఇప్పుడు చాలామంది ఆ దుంకుడును, అంటే టూ వదిలి త్రీ అనుడును, నాలుగు హార్ట్స్‌తోని, బలం లేని చేతికే వాడుతరు, వాళ్ల పాటకు జాగ లేకుండ. నీ చేతికి టూ స్పేడ్స్ అను. వాళ్ల రంగే మనం పాడితే పార్ట్‌నర్ హార్ట్స్‌కు మద్దతూ ఉంది, గేమ్‌కు పిలిచే బలమూ ఉందని. ఆరు నుంచి తొమ్మిది పాయింట్లే ఉంటే మామూలుగ టూ హార్ట్స్.