టోపీ తియ్యని రాయబారి

శ్రోతలకు నమస్కారం.

ఈమధ్య మన ఇళ్లలో కొరియన్ సీరియళ్లు బాగానే చూస్తున్నారు. రాజుల కాలం కథ వచ్చినప్పుడు ఒక్కసారి టోపీల వంక చూడండి. కొలువులో ఉన్న అధికారుల తలల మీద నల్లటోపీ, దానికి చెరోపక్క చిన్న రెక్క. రాజు ఎదురుగా ఉన్నా ఎవరూ టోపీ తియ్యరు. తియ్యకపోవడమే అక్కడ మర్యాద. పాగా చుట్టుకోకుండా కొలువుకి వెళ్లని రోజులు మనకూ ఉండేవి కదా. ఇవాళ ఆ టోపీ తియ్యని మనిషి గురించి చెబుతాను.

పేరు మిన్ యంగ్‌హ్వాన్. మిన్ ఇంటిపేరు, మనలాగే వాళ్లకూ ఇంటిపేరే ముందు. 1861లో పుట్టారు. కొరియా రాజు గోజోంగ్ ఆయనకు మేనత్త కొడుకు. మన వరసలో అయితే బావ. రాణిగారిది కూడా మిన్ వంశమే. రాజబంధుత్వం పదవులు తెస్తుంది, పగలూ తెస్తుంది. అధికారిగా ఉన్న ఆయన తండ్రిని 1882లో తిరగబడ్డ సైనికులు చంపేశారు. 1895లో రాణిని జపాన్ వాళ్లు అంతఃపురంలోనే హత్య చేశారు. తర్వాతి ఫిబ్రవరిలో రాజు ప్రాణభయంతో రష్యా రాయబార కార్యాలయంలో తలదాచుకున్నారు.

అలాంటి టైములో రష్యా చక్రవర్తి రెండో నికొలస్ పట్టాభిషేకానికి పిలుపు వచ్చింది. రాజు పంపింది ఈ మిన్‌నే. పైకి పట్టాభిషేకం, లోపల అసలు పని రష్యా సాయం అడగడం. 1896 ఏప్రిల్‌లో బయల్దేరి షాంఘై, జపాన్ మీదుగా పసిఫిక్ సముద్రం దాటారు. కెనడాలో రైలెక్కారు. న్యూయార్క్, లండన్, బెర్లిన్ మీదుగా మే నెలలో మాస్కో చేరారు. ఎక్కడేం చూశారో డైరీ రాసుకున్నారు.

ఇంతా చేసి, ఇన్ని వేల మైళ్లు తిరిగి, మే 26న పట్టాభిషేకం జరిగే చర్చి ముందుకు వచ్చారు. లోపలికి వెళ్లాలంటే టోపీ తియ్యాలి. చర్చిలో అది మర్యాద. కొరియాలో టోపీ తియ్యడం అమర్యాద. మిన్ తియ్యనన్నారు. బయటే ఉండిపోయారు. చైనా, టర్కీ, పర్షియా దూతలదీ అదే పరిస్థితి.

మొండితనం అనుకుంటారేమో. నేను అలా అనుకోను. అంతకు కొద్ది నెలల ముందే, మగవాళ్లు జుట్టుముడి కత్తిరించుకోవాలని కొరియాలో ఆజ్ఞ వేశారు. దాని మీద ఊళ్లకు ఊళ్లు తిరగబడ్డాయి. ఆ ముడిని కప్పేదే టోపీ. ఆ రోజు చర్చి గుమ్మంలో ఆయన తల మీద ఉన్నది ఆయన ఒక్కడి టోపీ కాదు.

అలాగని మార్పు వద్దన్న మనిషి కాదు. సైబీరియా మీదుగా, భూమి చుట్టి ఇంటికొచ్చారు. రష్యా నుంచి సైనిక శిక్షకులు వచ్చారు గానీ, అడిగినంత సాయం దొరకలేదు. 1898లో కొత్త చదువుల కోసం బడి పెట్టారు. తర్వాతి ఫొటోలో చూస్తే, పాశ్చాత్య పద్ధతి సైనిక దుస్తుల్లో ఉంటారు. తానుగా మార్చుకోవడం వేరు, గుమ్మం దగ్గర ఎవరో తియ్యమంటే తియ్యడం వేరు.

1905 నవంబర్ 17న జపాన్ బలవంతపు ఒప్పందంతో కొరియా విదేశీ వ్యవహారాలు తన చేతిలోకి తీసుకుంది. రద్దు చెయ్యమని మిన్ రాజుకు మొరపెట్టుకున్నారు. ఫలితం లేదు. నవంబర్ 30న ప్రాణం తీసుకున్నారు. ప్రజలను క్షమాపణ కోరుతూ చివరి మాటలు తన విజిటింగ్ కార్డుల మీద రాశారు. ఆ మనిషి మరికొన్నాళ్లు ఉండి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎప్పుడైనా సియోల్ వెళితే, మెట్రో రెండో లైనులో చుంగ్‌జోంగ్నో అనే స్టేషన్ వస్తుంది. ఆ స్టేషన్ ఉన్న వీధికి జపాన్ పాలనలో ఒక జపాన్ దూత పేరు ఉండేది. 1946లో అది తీసేసి, చనిపోయాక మిన్‌కు ఇచ్చిన బిరుదు పెట్టారు. చుంగ్‌జోంగ్ అంటే విశ్వాసపాత్రుడు, ధర్మం తప్పనివాడు.