పదమూడు కౌంట్: నితీశ్ కుమార్ రెడ్డి బ్యాటుకి ఏమైంది?

[కెమెరా: నెల్లూరు, వీఆర్‌సీ గ్రౌండ్. సాయంత్రం అయిదు. వెనకాల టెన్నిస్ బాల్ మ్యాచ్ నడుస్తోంది. ముందు తెర నల్లగా, గొంతు మాత్రమే వినిపిస్తుంది.]

మామ గొంతు: "ఏందబ్బయా, ఆ విశాఖపట్నం పిలగాడు? మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టినాడు. ఆ తర్వాత చూస్తే ఒకటి, సున్నా, నాలుగు, ఒకటి, ఒకటి. అవి స్కోర్లా, ఫోన్ నంబరా?"

[తెర వెలుగుతుంది. యాంకర్ బౌండరీ గీత మీద కూర్చుని ఉంటాడు.]

ఈ ప్రశ్న వేసింది మా మామ. ఇందుకూరుపేట పక్కన రొయ్యల గుంటలు చేస్తాడు. నాకు బ్యాట్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే, అందుకే నోరెత్తి ఎదురు చెప్పలేను. అయినా ఈ ఒక్క విషయంలో చెప్పాలనిపించి కెమెరా తెచ్చుకున్నా. ముందే ఒక మాట. ఈ వీడియోలో నేను చెప్పే స్కోర్లన్నీ టెస్టులవే, అదీ 2025 నవంబరులో జరిగిన గువాహటి టెస్టు దాకానే.

[తెర మీద: 2024 డిసెంబరు 28, మెల్‌బోర్న్. 114.]

మొదట ఆస్ట్రేలియా మీద ఆ రోజు గుర్తు చేసుకుందాం. పంత్ అవుటయ్యాక స్కోరు 191కి 6. ఫాలో ఆన్ భయం, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సి వస్తుందేమోనని. అప్పుడు వచ్చాడు 21 ఏళ్ల కుర్రాడు, ఎనిమిదో నంబరులో. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించాడు. 99 దగ్గర ఉండగా అవతల చివరి బ్యాటరు సిరాజ్. కమిన్స్ మూడు బంతులు వేశాడు, సిరాజ్ మూడూ ఆపాడు. మన రెండు రాష్ట్రాల్లో ఆ మూడు బంతులకి ఊపిరి పీల్చినవాడు ఉంటే చెయ్యెత్తండి! తర్వాత బోలాండ్ బంతిని మిడాన్ మీదుగా లేపాడు. ఫోర్. గ్యాలరీలో నాన్న కన్నీళ్లు. ఆ సిరీస్‌లో మొత్తం 298 పరుగులు, 5 వికెట్లు.

మామ చదివిన ఫోన్ నంబరు మొదలైంది సరిగ్గా ఆ తర్వాతే.

[తెర మీద: 1, 0, 4, 1, 1]

ముందు చిన్న లెక్క. సగటున 30 కొట్టే బ్యాటరు కూడా చాలాసార్లు పదిలోపే పోతాడు. మూడింట ఒకసారి అనుకుందాం. అంటే వరసగా మూడుసార్లు పదిలోపు పోయే అవకాశం 27లో ఒకటి. కెరీర్‌లో ఒకట్రెండు సార్లు అందరికీ తగిలేదే. కానీ వరసగా అయిదు? 243లో ఒకటి. కాబట్టి "టైం బాగాలేదులే" అని పూర్తిగా గ్రహాల మీదికి నెట్టడం కుదరదు. ఇక్కడిదాకా మామదే గెలుపు.

అయితే అయిదూ ఒకే రకం వైఫల్యమా?

మొదటి 1, అదే మెల్‌బోర్న్ రెండో ఇన్నింగ్స్. లక్ష్యం 340, కానీ అప్పటికి మనకి కావలసింది డ్రా. లయన్ స్పిన్, స్మిత్ స్లిప్ క్యాచ్. సిడ్నీలో సున్నా. బోలాండ్ పంత్‌ని అవుట్ చేశాడు, మరుసటి బంతికే మనవాడు. వచ్చీ రాగానే హ్యాట్రిక్ ముంగిట్లో నిలబెట్టిపోయిన బంతి అది. తర్వాతి 4 గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు.

బర్మింగ్‌హామ్ దగ్గరే నేను ఆగుతా. 2025 జులై, ఇంగ్లండ్ మీద. మొదటి ఇన్నింగ్స్ 1, రెండో ఇన్నింగ్స్ 1. స్కోర్‌కార్డులో కవలపిల్లల్లా ఉంటాయి, పోలిక మాత్రం ఒక్కటీ లేదు.

[తెర రెండుగా చీలుతుంది.]

ఎడమ వైపు చూడండి. వోక్స్ వేశాడు, నితీశ్ బ్యాటు ఎత్తి వదిలేశాడు, బంతి లోపలికొచ్చి వికెట్ తగిలింది. ఇది తప్పే. ఆఫ్ స్టంప్ ఎక్కడుందో కాళ్లకి తెలియనప్పుడు జరిగే తప్పు. బ్యాటరు ఫామ్‌లో లేడని చెప్పే అసలు గుర్తు నా దృష్టిలో ఇదే, ఆడి అవుటవడం కంటే వదిలేసి అవుటవడం. కుడి వైపు రెండో ఇన్నింగ్స్. మన ఆధిక్యం 600కి దగ్గరైపోయింది, ఆ మ్యాచ్ కెప్టెన్ గిల్ ఇన్నింగ్స్ ఇక చాలని డిక్లేర్ చేయబోతున్నాడు. లోపలికి వెళ్లినవాడి పని కొట్టడం, లేదా అవుటై రావడం. ఆ 1ని ఫామ్ ఖాతాలో రాయడం అన్యాయం.

[కట్. మామ గట్టు మీద కూర్చుని పల్లీలు తింటూ ఉంటాడు.]

మామ: "అయితే ఆ తర్వాత మాత్రం ఏం పొడిచినాడు? లార్డ్స్‌లో పదమూడు!"

యాంకర్: "మామా, మీ గుంటలో రొయ్యలు ముప్పై కౌంట్ పడితే మేలా, వంద కౌంట్ పడితే మేలా?"

మామ: "ఏంది అడిగేది? ముప్పై కౌంటే. కిలోకి ముప్పయ్యే తూగితే ఒక్కోటి ఎంతుంటాది! రేటు కూడా దానికే."

యాంకర్: "మరి వంద పెద్దంకె కదా?"

మామ: "అంకె పెద్దదైతే రొయ్య చిన్నది రా!"

[మామ నవ్వు ఆగిపోతుంది. ఎక్కడికి తీసుకెళ్తున్నానో అర్థమైంది.]

లార్డ్స్ అయిదో రోజు. 193 కొట్టాలి, టాప్ ఆర్డర్ కూలిపోయింది. అప్పుడు జడేజాకి తోడుగా 50 బంతులకు పైగా నిలబడి కొట్టిన 13 అది. లంచ్‌కి ముందు వోక్స్ అవుట్ చేశాడు. ఆ మ్యాచ్ మనం 22 పరుగులతో ఓడిపోయాం, జడేజా 61 నాటౌట్‌గా మిగిలిపోయాడు. ఆ పూట కౌంట్ ప్రకారం చూస్తే ఆ 13 పెద్ద రొయ్యే. అలాగని చూడటానికి అందంగా ఏమీ లేదులెండి, నేనూ రెండు మూడు సార్లు కళ్లు మూసుకున్నా.

అదే మ్యాచ్‌లో ఇంకోటి జరిగింది. మొదటి రోజు బంతి చేతికిచ్చిన తొలి ఓవర్లోనే ఇంగ్లండ్ ఓపెనర్లు డకెట్, క్రాలీ ఇద్దరినీ పంపేశాడు. ఇద్దరివీ పంత్ క్యాచ్‌లే. ఆ తర్వాత బ్యాటింగ్‌లో మొదటి ఇన్నింగ్స్ 30. అంతలోనే మోకాలి గాయం, అతనికి సిరీస్ అయిపోయింది.

ఆల్‌రౌండర్, అంటే బ్యాటూ బంతీ రెండూ పట్టేవాడి బ్యాటింగ్ రోగానికి సగం మందు బంతిలోనే ఉంటుందని నేననడం ఇందుకే.

[తెర మీద: రవీంద్ర జడేజా. తొలి టెస్టు 2012 డిసెంబరు. తొలి సెంచరీ 2018 అక్టోబరు, రాజ్‌కోట్.]

జడేజాని చూడండి. టెస్టుల్లోకి వచ్చిన దాదాపు ఆరేళ్లకి మొదటి సెంచరీ. బ్యాటరై ఉంటే ఆరేళ్లు ఎవరు ఆగుతారు? ఆయన్ని జట్టులో నిలబెట్టింది స్పిన్. ఎడం చేత్తో సంపాదించిన వికెట్లతో బ్యాటింగ్ నేర్చుకోవడానికి టైం కొనుక్కున్నాడు. అదే మనిషి 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో 516 పరుగులు చేశాడు.

నితీశ్ దగ్గర కొరత ఆ సంపాదనే. 2025 జనవరిలో పక్కటెముకల దగ్గర కండరం పట్టేసి ఇంగ్లండ్‌తో టీ20లకి దూరమయ్యాడు. బౌలర్‌కి ఆ దెబ్బ అంటే ఏమిటో చూపిస్తా.

[యాంకర్ లేచి నిలబడతాడు. రన్నప్ లేకుండా బౌలింగ్ యాక్షన్, నెమ్మదిగా.]

కుడిచేతి పేసర్ బంతి వదిలే క్షణంలో ఎడమ పక్క, ఇదిగో ఇక్కడ, పక్కటెముకకీ నడుముకీ మధ్య, తాడులా లాగబడుతుంది. ఇదే చోటు పుల్ షాట్‌కి నడుము తిప్పేటప్పుడూ పనిచేస్తుంది. ముందు కాలు నేల మీద పడినప్పుడు ఒంటి బరువుకి ఎన్నో రెట్లు మోకాలి మీద పడుతుంది. అదే మోకాలు వంచి ముందుకొచ్చి డ్రైవ్ ఆడాలి. మామూలు బ్యాటరుకి గాయమైతే ఒక పనే ఆగుతుంది. ఆల్‌రౌండర్‌కి రెండూ. కోలుకునేటప్పుడు కూడా నెట్స్‌లో ఉన్న టైం రెండింటికీ పంచుకోవాలి.

నిన్న ఇదే గ్రౌండ్‌లో నేను అయిదు ఓవర్లు లెదర్ బాల్‌తో వేసి, వెంటనే ప్యాడ్లు కట్టా. నెల్లూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మామ విసిరిన నాలుగో బంతిని బ్యాటు ఎత్తి వదిలేశా. బౌల్డ్. మామ ఇంటికెళ్లేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

[తెర మీద: ఢిల్లీ 43. గువాహటి 10, 0.]

ఢిల్లీలో వెస్టిండీస్ మీద జురెల్, జడేజాల కంటే ముందు అయిదో నంబరులో పంపారు. 43. మంచి పిచ్, అలిసిపోయిన బౌలింగ్, తొందర లేదు. ఎక్కువేం లెక్కలోకి తీసుకోను. గువాహటిలో దక్షిణాఫ్రికా మీద 10, 0. అక్కడ జట్టే మొత్తం కూలిపోయింది, 408 పరుగుల తేడాతో ఓడాం. బాధ ఆ సున్నా కాదు. బంతి కూడా అంతంతమాత్రంగానే ఇచ్చారు. ఓవర్లు ఇవ్వకపోతే ఆల్‌రౌండర్ కాదు, బ్యాటర్‌గా చూస్తే నంబరు సరిపోదు. ఏ పెట్టెలోనూ పట్టని సామానులా తయారవుతాడు కుర్రాడు. ఈ తప్పు మాత్రం అతని ఖాతాలో రాయను, కెప్టెన్ ఖాతాలో రాస్తా.

[మామ పల్లీల పొట్లం మడిచి లేస్తాడు.]

మామ: "అయితే ఇంక నేను స్కోరు చూడగూడదంటావా?"

యాంకర్: "చూడు మామా. ముందు ఎన్ని ఓవర్లు వేశాడో చూసి, ఆ తర్వాత చూడు."

మామ: "అట్టనా. మరి నువ్వు నిన్న అయిదు ఓవర్లేశావే, ఎన్ని కొట్టినావబ్బయా?"

[కట్.]