చెత్త బండి లెక్క అడగండి

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండ్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్న మనవాళ్లు ముందుగా తెలుసుకునే సంగతుల్లో ఏ బిన్ ఏ రోజు బయట పెట్టాలన్నది ఒకటి. చాలా ఊళ్లలో ఈ వారం నల్ల బిన్, అంటే రీసైకిల్ కాని మిగతా చెత్త, వచ్చే వారం రీసైక్లింగ్. ఒక్క రోజు మర్చిపోతే మళ్లీ రెండు వారాలు ఆగాలి. పసిబిడ్డ డైపర్లున్న ఇంట్లో, ఐదారుగురు విద్యార్థులు కలిసి ఉండే ఇంట్లో అది మామూలు టెన్షన్ కాదు. "కౌన్సిల్ ట్యాక్స్ ఇంత కడుతున్నాం, వారం వారం ఎందుకు తీయరు?" అని అడగడం న్యాయమే. దీనికి జవాబు కౌన్సిల్, అంటే మన ఊరి పాలక సంస్థ, పెట్టే ఖర్చుల్లో ఉంది. ఆ ఖర్చుల పుస్తకాలు చూసే హక్కు మనకుంది.

ఇళ్ల దగ్గర చెత్త తీసుకెళ్లే బాధ్యతను 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కౌన్సిళ్లకు అప్పగించింది. నల్ల బిన్‌ను ఎన్ని రోజులకోసారి తీయాలో మాత్రం చెప్పలేదు. చెత్తను భూమిలో పూడిస్తే టన్నుకు ఇంత అని పన్ను కట్టాలి. 1996లో 7 పౌండ్లతో మొదలైన ఆ పన్ను 2025 ఏప్రిల్ నాటికి 126 పౌండ్లు దాటింది. కాల్చి కరెంటు తీసే ప్లాంటుకు పంపినా ఊరికే తీసుకోరు. పైన బండ్లు, డీజిల్, జీతాలు. నల్ల బిన్ ఆలస్యంగా తీస్తే జనం వేరుచేయడం నేర్చుకుంటారని, ఖర్చూ తగ్గుతుందని కౌన్సిళ్ల ఆలోచన. వారం వారం తీసే పద్ధతిని నిలబెట్టడానికి 2011లో ప్రభుత్వం 25 కోట్ల పౌండ్లు ప్రకటించినా ఆ ఆలోచన ఆగలేదు. 2014లో మాంచెస్టర్ దగ్గరి బరీ కౌన్సిల్ మూడు వారాలకోసారికి మారింది. 2018లో వేల్స్‌లోని కాన్వీ నాలుగు వారాలకోసారికి వెళ్లింది.

గడువు పెంచడమే తప్పని నేననను. కంపు కొట్టేది, పురుగులు పట్టేది తడి చెత్త. దాన్ని వారం వారం వేరే డబ్బాలో తీసుకెళ్తే నల్ల బిన్‌లో మిగిలేది కొంత ఆగినా పెద్ద ఇబ్బంది ఉండదు. ములక్కాడ పిప్పి, మామిడి టెంక, వాడేసిన టీ పొడి, ఎముకలు, పాచిపోయిన అన్నం అన్నీ ఆ డబ్బాలోకే. చారు, నూనె మాత్రం పోయకూడదు. వేల్స్ ఈ పని ముందే చేసింది. అక్కడ రీసైక్లింగ్ 60 శాతం దాటి చాలా ఏళ్లయింది. ఇంగ్లండ్ పదేళ్లుగా 44 శాతం దగ్గరే కూర్చుంది. 2026 మార్చి 31 నుంచి ఇంగ్లండ్‌లోనూ ప్రతి వారం ఆహార వ్యర్థాలు తీయాలని నియమం పెట్టారు, కొన్ని కౌన్సిళ్లకు గడువు పొడిగించారు. ఆ డబ్బా ఇవ్వకుండానే నల్ల బిన్ రోజులు పొడిగించే కౌన్సిల్ తన భారాన్ని జనం నెత్తిన పెడుతున్నట్టే. డైపర్లున్న ఇళ్లకు వేరే ఏర్పాటూ ఉండాలి.

ఇక బర్మింగ్‌హాం. టివిడేల్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే మనవాళ్లకు బాగా తెలిసిన ప్రాంతం. వంట, ఇళ్లు శుభ్రం చేయడం, వృద్ధుల సంరక్షణ లాంటి పనుల్లో ఉన్న ఆడవాళ్లకు ఇవ్వని బోనస్‌లను అక్కడి కౌన్సిల్ చెత్త తీసే, వీధులు ఊడ్చే మగవాళ్లకు ఇచ్చింది. కోర్టుకెళ్లిన మహిళలకు 2012లో సుప్రీంకోర్టులో గెలుపు దక్కింది. సమాన వేతనాల బకాయి 76 కోట్ల పౌండ్ల దాకా ఉండొచ్చని 2023లో కౌన్సిలే అంచనా వేసింది. ఆ అంకె సరైనదేనా అన్న వాదన తర్వాత చాలా నడిచింది. ఆ సెప్టెంబరులోనే, డబ్బు సరిపోదంటూ, కొత్త ఖర్చులు ఆపేస్తూ నోటీసు ఇచ్చింది. 2025 మార్చి 11న చెత్త సిబ్బంది పూర్తి సమ్మెకు దిగారు. తమ బృందాల్లో ఒక ఉద్యోగాన్ని ఎత్తేస్తున్నారని, జీతం తగ్గుతుందని వాళ్ల బాధ. నెలాఖరుకు వీధుల్లో 17 వేల టన్నుల చెత్త పేరుకుంది. తెల్లవారుజామున వానలో బిన్లు లాగే మనిషిని నేను తప్పుపట్టను. ఏళ్ల తరబడి లెక్క గట్టిగా అడిగేవాళ్లు లేకపోవడమే నన్ను బాధపెడుతోంది.

ఆ అడిగే పనికి 1983 నుంచి ఆడిట్ కమిషన్ అని ఒక సంస్థ ఉండేది. 2015లో మూసేశారు. తర్వాత ఆడిట్లు ఎంత వెనకబడ్డాయంటే, ఇంగ్లండ్‌లో 2022-23 లెక్కలు గడువులోగా పూర్తయినవి కౌన్సిళ్ల లాంటి 467 స్థానిక సంస్థల్లో ఐదే. చివరికి 2024 డిసెంబరును ఆఖరి తేదీగా పెట్టి, ఏ అభిప్రాయమూ చెప్పలేమన్న ఆడిటర్ నోట్‌తోనే చాలా ఖాతాలను ముగించారు. ప్రజల సొమ్ముకు ఇది న్యాయం కాదు.

కాబట్టి మన వంతు. 2014 నాటి స్థానిక ఆడిట్ చట్టం ప్రకారం ఏటా 30 పని దినాలు, ఎక్కువగా వేసవిలో, కౌన్సిల్ తన బిల్లులు, రసీదులు, కాంట్రాక్టులు చూపించాలి. ఎప్పుడన్నది కౌన్సిల్ వెబ్‌సైట్‌లో నోటీసు పెడతారు. వ్యక్తుల వివరాలు, కొన్ని వ్యాపార రహస్యాలు మాత్రం దాచవచ్చు. 500 పౌండ్లు దాటిన ప్రతి ఖర్చునూ మూడు నెలలకోసారి ఎలాగూ ప్రకటించాలి. చెత్త కాంట్రాక్టు ఎవరిది, బండి రాని రోజులకు జరిమానా వసూలు చేశారా, రీసైక్లింగ్ బిన్‌లో వేసిన దానిలో ఎంత కలుషితమై తిప్పి పంపారు, ఇవి అడగండి.

మరో మాట. భారత పాస్‌పోర్టుతో, వీసా మీద ఉన్న మనకు కామన్వెల్త్ పౌరులుగా కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు ఉంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకూ ఉంది. ఓటరుగా పేరు నమోదైతే ఆడిటర్‌ను నేరుగా ప్రశ్నించవచ్చు, ఖాతాలోని పద్దు మీద రాతపూర్వకంగా అభ్యంతరం కూడా పెట్టవచ్చు. ఈ రెండు పనులకూ గడువు ఆ 30 పని దినాలే. అందుకని ఓటరు నమోదు ఇప్పుడే చేసుకుని ఉంచండి.