పోటీలో చెవిన పడ్డ మాటకు సాక్ష్యం

గుంటూరు నుంచి శ్రమపడి వచ్చిన హామ్ (అభిరుచి రేడియో) మిత్రులకు, విజయవాడ పెద్దలకు, ఇటీవలే లైసెన్సుతో వీయూ3 కాల్‌సైన్ (రేడియోలో మన గుర్తింపు పేరు) అందుకున్న విద్యార్థులకు నమస్కారం.

ప్రపంచమంతటి హామ్‌లు వీలైనన్ని స్టేషన్లతో సంప్రదించే సీక్యూ వరల్డ్‌వైడ్ పోటీ మాటల విభాగంలో అక్టోబరు చివరి పూర్తి వారాంతంలోనూ, చుక్కలూ గీతల మోర్స్ విభాగంలో నవంబరు చివరి పూర్తి వారాంతంలోనూ, మన గడియారం ప్రకారం శనివారం ఉదయం 5.30 నుంచి 48 గంటల పాటు జరుగుతుంది. అందులో ఒంటరిగా ఆడుతూ ముందు స్థానాల కోసం పోటీపడేవారు తాము పంపినదీ విన్నదీ మొత్తం, ఏ చెవిలో విన్నది ఆ చెవికి వేరే ఛానెల్‌గా రికార్డు చేసి, నిర్వాహక సంఘం అడిగితే చూపించాలన్నది నిబంధన. డాబా మీది డైపోలు యాంటెన్నాతో, 100 వాట్లతో ఆడే నాబోటివాడికి ఆ స్థానాల బెడద లేదు. అయినా నేను ప్రతి పోటీనీ రికార్డు చేస్తాను.

లాగు, అంటే ఎవరితో ఎప్పుడు సంప్రదించామో రాసుకున్న చిట్టా, దిద్దుకోవడానికి మాత్రం కాదు. పోటీ ముగిశాక రికార్డింగు విని కాల్‌సైన్లు సవరించడం నిషిద్ధం. పరీక్ష హాలు దాటాక జవాబు పత్రం అడిగి తెచ్చుకుని దిద్దినట్టే అది. లాగు పంపేదాకా నేను ఆ ఫైలు తెరవను. నిర్వాహకులు పంపే తప్పుల నివేదిక వచ్చాక, ఏ నిమిషంలో తప్పు పోయిందో ఆ నిమిషానికి వెళ్లి వింటాను. మాటలకు వాడే ఎస్సెస్బీ పద్ధతిలో రేడియో ఫిల్టరు దాదాపు 2.7 కిలోహెర్ట్జ్ దగ్గరే ధ్వనిని కత్తిరిస్తుంది కనుక ‘ఎస్’, ‘ఎఫ్’ ఒకేలా వినిపిస్తాయి. మోర్స్‌లో నాలుగు చుక్కల ‘హెచ్’ను అయిదు చుక్కల 5గా రాసుకున్న సందర్భాలు నాకు లెక్కలేనన్ని. అంతకంటే సిగ్గనిపించింది నా గొంతే: ప్రతి స్టేషనుకూ చెప్పాల్సిన మన ప్రాంతపు జోన్ సంఖ్య ‘ట్వంటీ టూ’ ఆదివారం మధ్యాహ్నానికి ముద్దయిపోయి, అవతలివాళ్లు రెండేసిసార్లు అడగడం అందులో స్పష్టంగా ఉంది.

ఇక పద్ధతి. స్పీకరు ముందు మైకు పెట్టకండి. ఫ్యానూ, వీధిలో దీపావళి టపాకాయలూ అన్నీ పడతాయి. రేడియో లైన్ అవుట్ నుంచి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ద్వారా కంప్యూటరుకు ఇస్తే, ఎర్త్ లూపు వల్ల వచ్చే 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత పోతుంది. మొదటిసారి నేను సీడీ నాణ్యతలో వేవ్ ఫైలుగా పెట్టాను. మామూలు వేవ్ ఫైలు 4 గిగాబైట్లకు మించి పట్టదు. 5.30కు మొదలైన రికార్డింగు మధ్యాహ్నం 12.15కు ఆగిపోతే, నేను రాత్రి భోజనాల వేళకు గాని చూసుకోలేదు. సెకనుకు 64 కిలోబిట్ల ఎంపీ3గా పెడితే 48 గంటలూ కలిపి సుమారు 1.4 గిగాబైట్లే. గంటకొక ఫైలు చేసి, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంతో పేరు పెట్టండి. లాగు యూటీసీలో, ఫైలు మన సమయంలో ఉంటే, ఆ అయిదున్నర గంటల తేడాతో వెతుక్కోలేక విసుగు పుడుతుంది. కంప్యూటరు నిద్రపోకుండా, తనంతట తాను అప్‌డేట్ కాకుండా చూసుకోండి.

గవర్నర్‌పేట వంటి ఇరుకు వీధుల్లో ఉన్నవారికి మరో ఉపయోగం కూడా ఉంది: రేడియోలో వచ్చే రొద ఎక్కడిదో పట్టుకోవచ్చు. నా రెండు రోజుల ఫైళ్లను పక్కపక్కన పెట్టి వింటే, పొద్దున ఆరున్నరకు రెండుసార్లూ ఒకే రొద మొదలైంది. అది మా పక్క అపార్ట్‌మెంటు నీళ్ల మోటారు. ఆదివారం ఆ మోటారు ఆగిన మరుక్షణం, అంతసేపూ అడుగున ఉండిపోయిన ఒక స్టేషను పిలుపు పైకి తేలుతుంది. ఆ అర నిమిషం ముక్కను ఇప్పుడు మీకు వినిపిస్తాను.